బండిదా, కాలిదా

మామగారు బస్సు దిగి ఏడాది కావస్తోంది. దిగారనడం కంటే దింపారనడం నిజం. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ సిటీ బస్సే నడిపిన మనిషి ఆయన. ఆయన చేతిలో బండి స్టాపు గీత దాటి ఆగిందన్నవాడు లేడు. ప్రయాణికుడు నిండు టీ గ్లాసు పట్టుకుని నిలబడినా చుక్క ఒలకకుండా బ్రేకు వేస్తాడని డిపోలో చెప్పుకునేవాళ్ళు. కాస్త పెంచే చెప్పి ఉంటారు, డిపో కబుర్లు ఎక్కడైనా అంతే. కానీ బొత్తిగా పునాది లేకుండా ఎవరూ పెంచరు.

కుడి మోకాలికి ఆపరేషన్ అయ్యాక డిపార్ట్‌మెంటు డాక్టరు ఆయన్ని ఒక కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా దీపం వెలగగానే పెడల్ నొక్కమన్నాడు. నాలుగైదుసార్లు నొక్కించాక, కాలు ఆలస్యంగా వస్తోంది, బస్సుకు పనికిరాదని తేల్చేశాడు. మామగారు ఇంటికొచ్చి, “ఆ పరీక్ష యంత్రం పాతది, పెడల్ బిగుసుకుపోయింది” అని ఒక్కసారి అన్నారు. ఆ తర్వాత ఆ ఊసు ఎవరినీ ఎత్తనివ్వలేదు. పొద్దున లేవడం, షర్టు గుండీలన్నీ పెట్టుకోవడం, వరండాలో కూర్చుని వీధిలో పోయే బస్సుల గేర్లు విని తిట్టుకోవడం, ఇదే ఆయనకు డ్యూటీ అయింది.

ఆయన్ని అలా చూడలేక చిన్నకొడుకు ఒక ఉపాయం ఆలోచించాడు. ఇతను ఫంక్షన్లకు ఫొటోలు తీస్తాడు, వాటిని ఇంట్లోనే కంప్యూటర్ మీద దిద్దుతాడు. గేమ్ పార్లర్ మూసేస్తున్న స్నేహితుడి దగ్గర స్టీరింగు, పెడళ్ళ సెట్టు ఒకటి తెచ్చి తన కంప్యూటర్‌కి తగిలించాడు. సిటీ బస్సు నడిపే ఆట ఒకటి ఎక్కించాడు. స్టాపులు, సిగ్నళ్ళు, ఎక్కే జనం, దిగే జనం, అన్నీ ఉన్నాయి అందులో.

మామగారు మొదట ముఖం చిట్లించారు. తర్వాత కూర్చున్నారు. కూర్చోగానే సీటు ముందుకు లాక్కుని, లేని అద్దం కోసం ఎడమవైపు చూసి సర్దుకున్నారు. అప్పుడే అత్తగారు గుమ్మంలో నిలబడి కొంగుతో నోరు మూసుకున్నారు. బస్సు కదిలింది. సందు తిరిగింది. నాలుగు రోడ్ల కూడలి దగ్గర, బళ్ళు ఎక్కువగా ఉన్నచోట, తెర మీద బొమ్మ తడబడింది. ఆయన బ్రేకు నొక్కారు. బస్సు ఓ క్షణం ఆలోచించుకుని, అప్పుడు ఆగింది. గీత దాటేసింది.

మరో స్టాపులోనూ అంతే. మూడో స్టాపులో ఆయన స్టీరింగు మీద నుంచి చేతులు తీసేశారు.

“బ్రేకు ఆలస్యంగా పడే బండి నేను నడపను” అని లేచి వరండాలోకి వెళ్ళిపోయారు.

“ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట” అన్నాడు చిన్నకొడుకు, నోట్లోనే అనుకున్నాననుకుని. వరండాలో కుర్చీ కిర్రుమంది. విన్నారన్నమాట.

సరిగ్గా అక్కడే పెద్దకోడలు నోరు జారింది. ఈ కథలో గొప్పంతా, తిప్పలన్నీ ఆ నోటివే.

“మద్దెల ఓడో కాదో నేను తేలుస్తాను. నొక్కగానే ఆగే కంప్యూటర్ నేను కడతాను మామయ్యకి” అంది, వరండాలోకి వినపడేలా.

“నువ్వా వదినా? కళ్ళజోళ్ళు బిగించినట్టు కాదది.”

“కళ్ళజోడు బిగించడం నీకొచ్చా?”

అతనికి రాదు.

పెద్దకోడలు కళ్ళద్దాల షాపులో వెనకగదిలో పనిచేస్తుంది. ముందుగదిలో నవ్వుతూ ఫ్రేములు చూపించేది వేరేవాళ్ళు. వెనకగదిలో గుండ్రటి అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి, వదులు లేకుండా, బిగుతై పగలకుండా కూర్చేది ఈమె. వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దం ఊడుతుంది, లేదా చిట్లుతుంది. ఆమె కూర్చిన అద్దం ఊడి వెనక్కి వచ్చిన దాఖలా లేదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు, ఎదుటివాళ్ళకు తెలియకపోతే తెలిసేదాకా చెబుతుంది కూడా. ఆమెలో అదొక్కటే లోపమని అత్తగారు అంటారు. అది లోపమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

అయితే కోడలికి ఒక గుబులు లేకపోలేదు. కూడలి దగ్గర బొమ్మ తడబడటం ఆమె కళ్ళారా చూసింది. కాబట్టి బండిలో ఆలస్యం ఉన్నమాట నిజం. కానీ మామగారి కాలు పెడల్ మీదికి వచ్చిన తీరూ చూసింది. ఆలస్యం ఎవరిదెంతో ఆమెకు తెలియదు. తెలియకుండానే మాట ఇచ్చేసింది.

ఇక వేట మొదలైంది. రాత్రిపూట లారీల్లో వచ్చే పాత కంప్యూటర్లను పగలు విడదీసి అమ్మే సందు ఒకటుంది. అక్కడ తలుపులన్నీ షట్టర్లే, గోడలన్నీ అరలే. ఆ సందు చివర దుకాణంవాణ్ణి అందరూ మరల బాబాయి అంటారు. ఏ మర, అంటే స్క్రూ, ఏ డబ్బాదో చీకట్లో తడిమి చెప్పగలనని అతని గొప్ప. నిజానికి అతని ముందు ఎప్పుడూ మూడు గిన్నెల్లో మరలు కలిసిపోయే ఉంటాయి.

“బడ్జెట్ ఎంతమ్మా?” అన్నాడు.

ఆమె చెప్పింది. అతను టీ తాగడం ఆపి ఆమె ముఖం చూశాడు.

“ఆ డబ్బుకి ఆఫీసు లెక్కలు రాసుకునే డబ్బా వస్తుంది తల్లీ. ఆటలాడే డబ్బా రాదు.”

“తక్కువదే ఇవ్వండి బాబాయ్. దాన్నే వేగంగా పరిగెత్తిస్తాను. కంపెనీ పెట్టిన వేగం కంటే పెంచుకోవచ్చట కదా.”

“వీడియోలు చూసొచ్చావన్నమాట.” అతను నవ్వాడు. “పెంచొచ్చు. కానీ పెంచనిచ్చే ప్రాసెసర్ కావాలి, అది కూర్చునే బోర్డూ పెంచనిచ్చేదే కావాలి. రెండిట్లో ఏ ఒక్కటి మొరాయించినా మిగతాదంతా దండగ.”

ఆ సాయంత్రం ఈ సంగతి ఇంట్లో చెప్పడమే ఆమె చేసిన పొరపాటు. వేగం పెంచడమన్న మాట చెవిన పడగానే మామగారు వరండా నుంచి లోపలికి వచ్చారు.

“కంపెనీ పెట్టిన హద్దు దాటిస్తావా? అంటే స్పీడు సీలు తెంపుతావా?”

బస్సుల్లో ఇంజనుకు వేగం హద్దు పెట్టి సీలు వేస్తారు. చాటుగా ఆ సీలు తెంపి తోలిన డ్రైవర్లున్నారు. మామగారు మాత్రం తెంపలేదు, తెంపినవాడి పక్కన కూర్చుని టీ కూడా తాగలేదు.

“నా కోసమని సీలు తెంపిన బండి తెస్తే నేను దాని మొహం చూడను అమ్మాయ్. ముందే చెబుతున్నా” అన్నారు.

మరిది సోఫాలో పొట్ట పట్టుకుని నవ్వాడు. కోడలికి నవ్వు రాలేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే అనిపించింది. రెండు రోజులు చదివి, మరల బాబాయిని విసిగించి, అప్పుడొచ్చి ఆయన ముందు కూర్చుంది.

“సీలు తెంపడం లేదు మామయ్యా. కొన్ని ప్రాసెసర్లకి కంపెనీవాళ్ళే తాళం వేసి అమ్ముతారు. కొన్నిటికి తాళం లేకుండా అమ్ముతారు, నీ ఓపిక కొద్దీ పెంచుకో అని. నేను తాళం లేనిదే కొంటాను. బోర్డు కూడా చవకవాటిలో అన్నిటికంటే చవకది కాకుండా, పెంచుకోవడానికి ఒప్పుకున్నదే తీసుకుంటాను. కంపెనీకి తెలియకుండా ఏదీ చేయను.”

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “మరి వేగం పెరిగితే వేడెక్కదూ?”

“ఎక్కుతుంది.”

“అయితే రేడియేటర్ పెద్దది పెట్టు. టైర్ల దగ్గరా బ్రేకుల దగ్గరా కక్కుర్తి పడకు. మిగతావన్నీ సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు.”

అంతకు ముందు ఆయన ఇంట్లో అంత పొడుగు మాట మాట్లాడి చాలాకాలమైంది. అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసి మళ్ళీ లోపలికి వెళ్ళారు. ఆ ఒక్క సలహాతో కరెంటు ఇచ్చే పవర్ బాక్సు మాత్రం కోడలు కొత్తది కొంది. కంప్యూటర్‌కి టైర్లూ బ్రేకులూ ఏవో ఆమె ఆ రకంగా తేల్చుకుంది.

మిగతావి జత కుదర్చడంలో ఆమె విద్యంతా బయటపడింది. మామూలుగా కొనేవాళ్ళు కాగితం మీద అంకెలు చూస్తారు. ఈమె అట్టముక్క కత్తిరించింది. బాబాయి ఊరికే ఇచ్చిన సొట్ట డబ్బాలో అట్ట పెట్టి చూసింది. చల్లబరిచే కూలర్ ఎంత ఎత్తు ఉంటే పక్క తలుపు మూసుకుంటుంది, గ్రాఫిక్స్ కార్డు ఎంత పొడుగుంటే ముందు ఫ్యానుకి తగలదు, అన్నీ ఫ్రేముకి అద్దం చూసినట్టే చూసింది. అందరూ మెచ్చుకునే నిలువుపాటి కూలర్ వేలెడు ఎత్తు ఎక్కువైంది. దాన్ని పక్కన పెట్టి, పొట్టిగా వెడల్పుగా ఉన్నది ఎంచింది. మెమరీ ముక్కలకు అంచున ఒక గాటు ఉంటుంది, తరం మారితే గాటు చోటు మారుతుంది. బాబాయి పొరపాటున వేరే తరానిది చేతిలో పెడితే, వెలుతురుకు ఎత్తి చూసి తిరిగిచ్చేసింది. పెద్దది ఒకటి తీసుకునే బదులు చిన్నవి రెండు ఒకే జతవి తీసుకుంది, రెండు చేతులతో పనిచేసినట్టు వేగంగా ఉంటుందని.

“అల్లుణ్ణి వెతికినా ఇంత చూడరమ్మా” అన్నాడు బాబాయి విసుగ్గా.

“అల్లుడు నచ్చకపోతే సర్దుకుపోతారు బాబాయ్. ఇది సర్దుకుపోదు.”

అన్నీ అయ్యాక ప్రాసెసర్ దగ్గర ఆగిపోయింది. తాళం లేని మంచి చిప్పు ఆమె డబ్బుకు అందలేదు. అందినవి ఆమెకు ఆనలేదు. అప్పుడు బాబాయి డెస్కు అడుగు నుంచి ఒక చిన్న పెట్టె తీశాడు. అందులో ఉన్నది మంచి జాతి చిప్పే. కానీ ఎవరో కింద పడేసినట్టున్నారు, అడుగున ఉండే సన్నని పిన్నుల్లో ఒక మూల వరసంతా వంగిపోయింది.

“ఇది తూకానికి పోవాల్సింది. సగంలో సగానికి ఇస్తా. తర్వాత నా దగ్గరికి రాకూడదు.”

ఆమె దాన్ని షాపుకు తీసుకెళ్ళింది. భోజనాల వేళ వెనకగదిలో, కంటికి భూతద్దం పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు ప్యాడ్ల తీగలు సరిచేసే సన్నటి పటకారుతో ఒక్కో పిన్నునూ లేపింది. ఊపిరి బిగబట్టి, పిన్నుకూ పిన్నుకూ మధ్య కళ్ళు మూసుకుని విశ్రాంతి ఇచ్చుకుంటూ లేపింది. ఒక్కటీ విరగలేదు. బోర్డు మీద పెడితే చిప్పు తన బరువుకు తానే దిగి కూర్చుంది, చప్పుడైనా చేయకుండా. ఆ క్షణంలో ఆమెకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. పక్కన చూసేవాళ్ళు ఎవరూ లేకపోవడం ఒక్కటే లోటు.

ఆదివారం ముందుగదిలో దుప్పటి పరిచి అన్నీ బిగించింది. ఉద్యోగం మీద ఊళ్ళు తిరిగే ఆమె భర్త ఫోన్లోనే చూస్తూ భేష్ అన్నాడు. మామగారు కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నారు. అత్తగారు, మరిది నిలబడ్డారు. ఆమె స్విచ్చి నొక్కింది.

ఫ్యాన్లు తిరిగాయి. దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగా, నోరు మెదపకుండా ఉండిపోయింది.

మళ్ళీ విప్పింది. మళ్ళీ బిగించింది. మెమరీ ముక్కలు అటూ ఇటూ మార్చింది. నల్లతెర నల్లతెరే.

“వంగిన పిన్నులు పటకారుతో లేపితే లేస్తాయా వదినా” అన్నాడు మరిది. ఈసారి వెటకారం కూడా లేదు, జాలిగా అన్నాడు. ఆ జాలి ఆమెకు వెటకారం కంటే ఎక్కువగా తగిలింది. పిన్నులు బాగున్నాయని ఆమె ప్రమాణం చేయగలదు. కానీ వెలగని తెర ముందు ప్రమాణం ఎవరు వింటారు?

మామగారు మెల్లగా లేచి వరండాలోకి వెళ్ళారు. అది చూశాక ఆమె చెప్పులు వేసుకుంది.

రావద్దన్న దుకాణానికే వెళ్ళి, రావద్దన్న మనిషి ముందే బోర్డు పెట్టింది. మరల బాబాయి మొదట మొహం మాడ్చుకున్నాడు. తర్వాత భూతద్దంతో పిన్నులు చూసి, “ఇవి నువ్వే లేపావా?” అని రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత బోర్డు మీద అంటించిన చిన్న చీటీలోని తేదీ చదివి తల కొట్టుకున్నాడు.

“పిన్నులకేం కాలేదు తల్లీ. ఈ బోర్డు ముందు పుట్టింది, చిప్పు తర్వాత పుట్టింది. చిప్పు అందులో పట్టింది గానీ, అదెవరో బోర్డుకి తెలియదు. కంపెనీవాళ్ళు కొత్త చిప్పుల వివరాలన్నీ వాళ్ళ వెబ్‌సైటులో పెడతారు, అది బోర్డుకి ఎక్కించాలి. ఎక్కించాలంటే ముందు ఇది వెలగాలి. వెలగాలంటే దీనికి తెలిసిన పాత చిప్పు ఒకటి పెట్టాలి.”

“మీ దగ్గర ఉందా?”

“ఉన్నవన్నీ నిన్ననే ఒక ఆఫీసువాడు ఎత్తుకుపోయాడు.”

వెనక్కి వస్తూ ఆమె తనను తాను తిట్టుకుంది. పట్టిందంటే పనికొచ్చినట్టే అని ఇన్నేళ్ళూ చేతులకు నేర్పింది. అద్దానికి అది చాలు. ఫ్రేముకి అద్దం ఎవరో తెలియనవసరం లేదు. ఇక్కడ పట్టడం ఒకటి, గుర్తుపట్టడం ఇంకొకటి అని తెలిసేసరికి పరువు నట్టింట్లో పడింది.

పాత చిప్పు ఎక్కడుందో ఆమెకు తెలుసు. మరిది కంప్యూటర్‌లో ఉంది. అదే జాతి, అదే కొలత, ఒక తరం వెనకది. అతను అడ్డంగా తల ఊపాడు. కాలేజీ ఫంక్షన్ ఫొటోలు ఇవ్వాలట, కంప్యూటర్ విప్పితే మళ్ళీ కుదురుతుందో లేదోనట.

“నేను తప్పు లెక్క వేశాను. నాకు తెలియలేదు. నువ్వు సాయం చేయకపోతే ఇది వెలగదు” అంది ఆమె, అత్తగారి ముందే.

ఈ మాటలు వదిన నోట వస్తాయని అతను కలలో కూడా అనుకోలేదు. కాసేపు ఆ రుచి చప్పరించాడు. తర్వాత స్క్రూడ్రైవర్ తానే తెచ్చాడు. ఎంతైనా అతనికీ తండ్రే కదా ఆయన.

పాత చిప్పు పెట్టగానే తెర వెలిగింది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన వివరాలు ఎక్కించారు. పాతది తీసి ఆమె చిప్పు పెట్టారు. ఈసారి తెర మీద చిప్పు పేరు, ఊరు, వేగం అన్నీ వచ్చాయి. మరిది చప్పట్లు కొట్టాడు. “పిన్నులు నిజంగానే లేచాయి వదినా” అన్నాడు. నవ్విన నాప చేనే పండుతుందంటారు, ఆమె ఆ సామెత అతనికి చెప్పాలనుకుని, సాయం చేసినవాడని ఊరుకుంది.

వేగం పెంచడం మర్నాటి పని. ఒక మెట్టు పెంచడం, పూర్తి బరువు పెట్టి నడిపించడం, వేడి చూడటం, బాగుంటే ఇంకో మెట్టు. మామగారు డబ్బా వెనక అరచెయ్యి పెట్టి వచ్చే గాలి ఎంత వేడిగా ఉందో చూస్తూ కూర్చున్నారు. తెర మీద అంకె ఉండగా అరచెయ్యి ఎందుకని ఎవరూ ఆయన్ని అడగలేదు. ఒక మెట్టు దగ్గర అంతా బాగానే నడిచి, మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి బిగుసుకుపోయింది. ఆమె ఒక మెట్టు దించింది. సాయంత్రం దాకా పూర్తి బరువుతో నడిచింది, ఎక్కడా తొణకలేదు.

“ఇంకొంచెం కరెంటు ఇస్తే పై మెట్టు మోస్తుందేమో” అన్నాడు మరిది.

“కొండెక్కేటప్పుడు ఆగిపోయే బండికి దిగేటప్పుడు వేగమెందుకురా” అన్నారు మామగారు. కోడలు చేసింది సరైన పనేనని ఆయన చెప్పినట్టు. ఆమెకు ఒళ్ళు పులకరించింది.

ఆ సాయంత్రం మరిది స్టీరింగు, పెడళ్ళు దీనికి తగిలించి, బస్సు ఆట ఎక్కించి నడిపి చూశాడు. కూడలిలో ఎన్ని బళ్ళున్నా బొమ్మ నీళ్ళలా జారిపోయింది. బ్రేకు నొక్కగానే బస్సు నిలబడింది. కోడలు నడిపినా అంతే. బండిలో ఆలస్యమన్నది లేదు. మామగారు రేపు పొద్దున కూర్చుంటానని, షర్టు ఇస్త్రీ చేయమని అడిగి పడుకున్నారు.

అప్పుడు వంటింట్లో అత్తగారు కోడలి చెయ్యి పట్టుకున్నారు.

“ఒక మాట చెబుతాను, కోప్పడకు. దాన్ని కాస్త తగ్గించి పెట్టవే.”

“దేన్నత్తయ్యా?”

“ఆ వేగాన్ని. మొన్నటి దానిలా కొంచెం తడబడేలా పెట్టు. ఇన్నాళ్ళూ యంత్రం మంచిది కాదని ఆ మాట పట్టుకుని నిలబడ్డారు. నువ్వు మంచిది కట్టావు. రేపు దీంట్లో కూడా గీత దాటితే ఆయన దేన్ని పట్టుకుని నిలబడతారు?”

కోడలు మాట ఇచ్చిన నాటి నుంచీ మనసులో మూలన పెట్టిన గుబులే అది. అత్తగారు దాన్ని పట్టుకొచ్చి ఎదురుగా పెట్టారు. తగ్గించడం ఎంతసేపు, రెండు మీటలు. ఎవరికీ తెలియదు. తన గొప్ప కొంచెం తగ్గుతుంది, అంతేగా. మామగారి కోసం ఆ మాత్రం వదులుకోలేదా?

వదులుకోగలదు. కానీ ఇక్కడ సంగతి తన గొప్ప కాదని ఆమెకు నెమ్మదిగా అర్థమైంది. షాపుకు వచ్చే పెద్దవాళ్ళలో కొందరు పవర్ పెరిగిందంటే ఒప్పుకోరు, పాత పవరే ఇమ్మని పోరుతారు. ముందుగదివాళ్ళు ఒక్కోసారి సరేనంటారు. వెనకగదిలో ఆమె మాత్రం పరీక్షలో తేలిన అద్దమే కూరుస్తుంది. చూపు తగ్గలేదని సంతోషపెట్టడానికి తప్పు అద్దం బిగిస్తే, మెట్ల మీద పడేది ఆ మనిషే.

“నా వల్ల కాదత్తయ్యా. ఆయన బండిని నమ్మి కూర్చుంటారు. నమ్మినవాళ్ళకి అబద్ధపు బండి ఇవ్వలేను” అంది. అత్తగారు చెయ్యి వదిలి, గిన్నెలు సర్దుకోసాగారు. ఆ రాత్రి కోడలికి తృప్తిగా ఏమీ నిద్ర పట్టలేదు.

పొద్దున మామగారు ఇస్త్రీ షర్టు వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నారు. సీటు సర్దుకున్నారు. బస్సు డిపో గేటు దాటింది. సందు తిరిగింది. కూడలి దాటింది, బొమ్మ ఎక్కడా తొట్రుపడలేదు. ఆయన మొహం చూస్తే, ఏడాదిగా ఈ ఇంట్లో ఉన్నది వేరే ఎవరోననిపించింది. మొదటి స్టాపు వచ్చింది. బ్రేకు వేశారు.

బస్సు గీత దాటి ఆగింది. పెద్దగా కాదు, ముందు చక్రం అంత.

ఆయన ఏమీ ఎరగనట్టు తలుపు తెరిచి, మూసి, మళ్ళీ కదిలించారు. రెండో స్టాపులోనూ అంతే, సరిగ్గా అంతే. అత్తగారు గోడవైపు తిరిగిపోయారు. మరిది తల వంచుకున్నాడు.

మామగారు స్టీరింగు వదల్లేదు. తెరవైపు చూస్తూనే అడిగారు.

“అమ్మాయ్, బండిలో ఆలస్యం ఉందా?”

ఉందంటే అయిపోతుంది. ఆయన లేచి వరండాలోకి వెళ్తారు, తల ఎత్తుకునే వెళ్తారు.

“లేదు మామయ్యా” అంది కోడలు.

“మీ మరిది నడిపినప్పుడు?”

“గీత మీద ఆగింది.”

“నువ్వు నడిపినప్పుడు?”

“ఆగింది.”

ఆయన తన కుడికాలి వైపు చూసుకున్నారు. చాలాసేపు చూశారు. తర్వాత మోకాలి మీద చెయ్యి వేసి, పరాయివాణ్ణి పలకరించినట్టు రెండుసార్లు తట్టారు.

“డాక్టరు యంత్రం అబద్ధం చెప్పలేదన్నమాట” అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. అత్తగారు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు.

“కంగారు పడకు. ఏడాదిగా ఇది బండిదో నాదో తెలియక చస్తున్నాను. ఎవరిదో తెలియని ఆలస్యంతో ఏ డ్రైవరూ ఏమీ చేయలేడు. ఇది నాది. ఎంతో కూడా తెలిసింది. ఒక చక్రమంత. రెండుసార్లూ అంతే.”

బస్సు మళ్ళీ కదిలింది. మూడో స్టాపు దూరంగా కనపడింది. ఎప్పుడూ బ్రేకు వేసే చోటుకు ఒక చక్రమంత ముందే ఆయన కాలు పెడల్ మీదికి వెళ్ళింది. బస్సు మెత్తగా నెమ్మదించి, గీతను తాకీ తాకనట్టు నిలబడింది. వెంట్రుకవాసి తేడా లేదు. వెంట్రుకవాసి అంటే ఏమిటో తెలిసిన కోడలు చూసి చెబుతున్న మాట అది.

మరిది గట్టిగా ఊపిరి వదిలాడు. అత్తగారు వెనక్కి తిరిగి తెర చూసి, ఆయన్ని చూసి, కొంగు కళ్ళకు పెట్టుకున్నారు. తెర మీద జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. కోడలికి గొప్ప చెప్పుకోవడానికి ఆ క్షణంలో బోలెడు దొరికేది. మొదటిసారి ఆమెకు ఎవరితోనూ ఏమీ చెప్పాలనిపించలేదు.

మామగారు తలుపు మూసి, ఎడమవైపు అద్దం చూసి, గేరు వేశారు.

“బండిలో లోపం లేదమ్మాయ్. కాలి సంగతి నేను చూసుకుంటాను” అన్నారు.